ఎక్స్‌రే డిపార్ట్‌మెంట్ చరిత్ర కూడా రాయించండి

సంపాదకులు గారికి నమస్కారం అండి.

మీ జిల్లా పేజీలో కొన్ని వారాలుగా మన గోదావరి జిల్లాల మెడికల్ కాలేజీల పాత సంగతులు వేస్తున్నారు, నేను వదలకుండా చదువుతున్నాను. కాకినాడ రంగరాయ కాలేజీ 1958లో దాతల విరాళాలతో మొదలవడం, ముందు ఆంధ్రా యూనివర్సిటీ కింద ఉండి 1986లో హెల్త్ యూనివర్సిటీ వచ్చాక దాని కిందకి వెళ్ళడం, ఇవన్నీ ఈ కాలం పిల్లలకి తెలియాల్సినవే. సర్జన్ల గురించి రాశారు, పిల్లల డాక్టర్ల గురించి రాశారు, కాన్పుల వార్డు గురించి ఎంతో బాగా రాశారు. రేడియాలజీ డిపార్ట్‌మెంట్ గురించి మాత్రం ఇంతవరకూ ఒక్క పేరా కూడా రాలేదండి. నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పని చేసి రిటైర్ అయినవాణ్ణి, ట్రాన్స్‌ఫర్ల మీద ఈ జిల్లాల్లో కొన్ని ఆసుపత్రులు తిరిగాను, అందుకే ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ తప్పు అనడం లేదండి. కాలేజీ వాళ్ళు కూడా సావనీర్ వేసినప్పుడు ఇలాగే చేస్తారు. పెళ్ళిలో వంటవాళ్ళ సంగతి లాంటిది మాది, అందరూ తిని వెళ్తారు గానీ పొయ్యి దగ్గర ఎవరున్నారో ఎవరూ అడగరు. ఆపరేషన్ చేసిన డాక్టర్ గారి పేరు పేషెంటుకి జన్మంతా గుర్తుంటుంది, లోపల ఏముందో ముందుగా చూసి చెప్పిన రేడియాలజిస్టు మొహం కూడా పేషెంటు చూసి ఉండడు. ఇప్పుడేమో రోజులు మారాయి, నీట్ పీజీలో మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు ముందు ఎంచుకునేది రేడియాలజీ సీటే. మరి అంత ఎగబడి చేరే పిల్లలకి తాము కూర్చున్న డిపార్ట్‌మెంట్ ఎవరు నిలబెట్టారో చెప్పేవాళ్ళు లేకపోతే ఎలాగండి.

హెచ్‌ఓడీ, అంటే డిపార్ట్‌మెంట్ పెద్ద, ఆయన గదిలో గోడ మీద ఒక చెక్క బోర్డు ఉంటుంది, ఎవరు ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని పేర్లు, తేదీలు. అదే చరిత్ర అనుకుంటారు. అందులో పేరు ఉంటుంది గానీ ఆ మనిషి ఏం చేశాడో ఉండదు కదా. నేను పని చేసిన ఒకచోట మా పెద్ద సారు ఉండేవారు, పేరు రాయను, ఆయనకి పేరు కోసం పాకులాడడం ఇష్టం ఉండేది కాదు. అప్పటికి యానాం ఎదుర్లంక వంతెన లేదు, అది 2002లో వచ్చింది, అంతకుముందు కోనసీమలో ఆ వైపు నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువగా పంటు ఎక్కి గోదావరి దాటే వచ్చేవాళ్ళు. బేరియం పరీక్షకి, అంటే తెల్లటి మందు తాగించి కడుపూ పేగులూ ఎక్స్‌రే తీసేదానికి, పరగడుపున రావాలి. ముమ్మిడివరం అవతల పల్లెల్లోంచి ముసలివాళ్ళు రాత్రి తిన్నదే తిండి, పొద్దున్నే బయల్దేరి రేవులో పంటు కోసం కాసుకుని, అవతల బస్సెక్కి, ఆసుపత్రికి చేరి ఓపీ చీటీ రాయించుకునేసరికి పదిన్నర పదకొండు అయ్యేది, అప్పటికి ఊళ్ళోవాళ్ళ పేర్లు లిస్టులో ముందు ఉండేవి. వీళ్ళ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం, పేగుల దాకా చూడాలంటే ఇంకా గంటల తరబడి కూర్చోబెట్టి మళ్ళీ మళ్ళీ ఫిల్మ్ తీయాలి, కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళు కూడా ఉండేవారు. మా సారు ఒకరోజు లిస్టు తీసుకుని ఊరు పేరు చూసి రేవు దాటి వచ్చినవాళ్ళందరికీ ఎర్ర సిరాతో టిక్కు పెట్టారు. వీళ్ళు ఎప్పుడొచ్చినా ముందు వీళ్ళకే, ఊళ్ళోవాళ్ళని తొమ్మిదింటికి కాదు పన్నెండింటికి రమ్మనండి అన్నారు, అంతే. దానికి జీఓ అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. లీడర్‌షిప్ అంటే నాకు తెలిసింది అదేనండి, ఆ ఎర్ర టిక్కు ఏ బోర్డు మీదా లేదు.

ఇంకోటి చెప్తాను. మన డెల్టాలో కొబ్బరి చెట్టు మీంచో తాటి చెట్టు మీంచో పడిపోయిన కేసులు ఎప్పుడూ ఉంటాయి, దింపు తీసేవాళ్ళు, కల్లుగీత వాళ్ళు. మంచం మీద వేసుకుని ఆటోలో తెచ్చేవాళ్ళు, తెచ్చిన చుట్టాలే కంగారులో తలా ఒక చెయ్యి వేసి ఎక్స్‌రే టేబుల్ మీదకి ఎత్తి పడేసేవారు. మెడ ఎముక విరిగి ఉంటే ఆ ఎత్తడంలోనే కాళ్ళూ చేతులూ చచ్చుబడిపోవచ్చు. చెట్టు మీంచి పడ్డ మనిషిని స్ట్రెచర్ మీంచి కదపకూడదు, క్యాసెట్, అంటే ఫిల్మ్ పెట్టే పెట్టె, పక్కన నిలబెట్టి ఎక్స్‌రే ట్యూబు అడ్డంగా తిప్పి ముందు మెడ ఫిల్మ్ తీయాలి, డాక్టర్ చూసి సరే అన్నాకే మిగతావి, అని ఆ సారే రూలు పెట్టారు. రాసి తలుపుకి అంటించారు. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్నవాడు కూడా అదే చేయాలి, సారు లేరు కదా అని వదిలేయడానికి లేదు. అలాగే ఎడమ కుడి తెలిపే సీసపు ఎల్, ఆర్ అక్షరం పడని ఫిల్మ్ గదిలోంచి బయటికి వెళ్ళకూడదు అనేవారు. పీజీలకి ఫిల్మ్ వ్యూబాక్స్ మీద పెట్టి జబ్బేంటి అని అడిగేవారు కాదు, ముందు పేరు చదువు, తేదీ చదువు, కుడా ఎడమా చూడు, అప్పుడు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళు అనేవారు. ఇప్పుడు పెద్ద పెద్ద సెంటర్లలో కూర్చున్న ఆయన శిష్యులు కంప్యూటర్ మీద చూస్తూ కూడా అదే వరసలో చూస్తారంటే నేను నమ్ముతాను.

డిపార్ట్‌మెంట్ అంటే హెచ్‌ఓడీ ఒక్కరే కాదండి. డార్క్‌రూమ్ అసిస్టెంట్లు అని ఒక జాతి ఉండేది, ఇప్పుడు ఆ పోస్టుకి పనే లేదు. ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే డెవలపర్ నీళ్ళు ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి అని పుస్తకంలో రాసి ఉంటుంది, మే నెలలో మన దగ్గర కుళాయి తిప్పితే వేడినీళ్ళు వస్తాయి. మరి ఏం చేసేవాళ్ళు, ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మ తెప్పించి పెద్ద తొట్టెలో పగలగొట్టి వేసి దాని మధ్యలో డెవలపర్ ట్యాంకు దింపేవాళ్ళు, మందులో ఐసు కలవకూడదు, కలిస్తే పలచబడిపోతుంది. గాలి రాని గదిలో ఎర్ర లైటు కింద ఆ హైపో మందు వాసనలో గంటలు గంటలు నిలబడి ఫిల్మ్ హ్యాంగర్‌కి తగిలించి ముంచి తీసి కడిగి ఆరేయడం, వానాకాలంలో ఆరదు, ఆరకుండా కవర్లో పెడితే ఒకదానికొకటి అంటుకుపోయి బూజు పడుతుంది. కాజువాలిటీ నుంచి కేకలు వస్తుంటే తడి ఫిల్మే పట్టుకుని నీళ్ళు కారుతుండగా పరిగెత్తేవాళ్ళు. ఒక పెద్దాయన ఉండేవాడు, ఫిల్మ్ డెవలపర్‌లోంచి ఎప్పుడు తీయాలో గడియారం చూడకుండా చెప్పేసేవాడు, కరెంటు పోయి ఫ్యాన్ ఆగినా ఆయన లెక్క తప్పేది కాదు. 1996 నవంబర్‌లో కోనసీమ తుఫాను వచ్చాక విరిగిన కాళ్ళూ చేతులతో జనం వస్తుంటే జనరేటర్ మీద రాత్రంతా ఫిల్ములు కడిగింది ఇలాంటి మనుషులే. వాళ్ళ పేర్లు జీతాల రిజిస్టర్లో తప్ప ఇంకెక్కడైనా ఉన్నాయా అంటే లేవు.

చరిత్ర అంటే మనది ఎక్కడో మొదలై ఇక్కడికి వచ్చిందే. రాంట్‌జెన్ గారు 1895 నవంబర్ 8న జర్మనీలో వుర్జ్‌బర్గ్ యూనివర్సిటీలో ఈ కిరణాలు కనిపెట్టారు, ఆయన దీని మీద పేటెంటు తీసుకోలేదు, 1901లో వచ్చిన మొదటి ఫిజిక్సు నోబెల్ డబ్బు కూడా ఆ యూనివర్సిటీకే రాసిచ్చేశారు. (అదే 1895లో, జనవరిలో, మన భీమవరంలో శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టారు, ఈ సంగతి ఎప్పుడు తల్చుకున్నా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.) మద్రాసులో 1934లో బర్నార్డ్ గారి పేరు మీద రేడియాలజీ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు, మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో ఈ చదువుకి పెద్ద దిక్కు అదే. మొదట్లో ఫొటో తీసే ఎక్స్‌రే, కేన్సర్‌కి కరెంటు పెట్టడం అని మనవాళ్ళు అనేది, రెండూ ఒకే డిపార్ట్‌మెంట్, ఒకే హెచ్‌ఓడీ, తర్వాత రేడియో డయాగ్నోసిస్ వేరు రేడియోథెరపీ వేరు అయ్యాయి. తర్వాత అల్ట్రాసౌండ్, సీటీ, ఎంఆర్ఐ వచ్చాయి. 1994లో లింగ నిర్ధారణ నిషేధ చట్టం వచ్చాక హెచ్‌ఓడీల మీద ఇంకో బరువు పడింది, ప్రతి గర్భిణీ స్కానింగుకీ ఫారం నింపాలి, ఎవరెంత పెద్దవాళ్ళు ఫోన్ చేసినా ఆడో మగో చెప్పకూడదు. ఈ ఒత్తిడి తట్టుకుని నిలబడ్డ మేడమ్‌లు, సార్లు మన జిల్లాల్లో ఉన్నారు, వాళ్ళు ఎలా నిలబడ్డారో ఎవరైనా అడిగి రాయాలి.

రేడియాలజిస్టు తల్చుకుంటే ఒక పెద్ద సంస్థనే నడపగలడు అనడానికి మనకి కాకర్ల సుబ్బారావు గారు ఉన్నారు. 1925లో కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్ళి ఎముకల రేడియాలజీలో అంత పేరు తెచ్చుకుని, 1980ల్లో ఎన్టీఆర్ పిలిస్తే వచ్చి హైదరాబాదులో నిమ్స్‌కి డైరెక్టర్‌గా చేశారు. 2000లో పద్మశ్రీ వచ్చింది, 2021 ఏప్రిల్లో పోయారు. ఆయన గురించి అందరికీ తెలుసు, రాసినవాళ్ళున్నారు. మన కాకినాడలో, మన ఏలూరులో, మన రాజమండ్రిలో చిన్న చిన్న గదుల్లో కూర్చుని అంతే నిజాయితీగా పని చేసినవాళ్ళ గురించి ఎవరు రాస్తారు అన్నదే నా బాధ.

బయటివాళ్ళు దీన్ని ఎంత పట్టించుకుంటారో ఒక సంగతి రాస్తాను. అమెరికాలో సెయింట్ లూయిస్ అనే ఊళ్ళో వాషింగ్టన్ యూనివర్సిటీ ఉంది, అక్కడి రేడియాలజీ సంస్థ పేరు మాలిన్‌క్రాట్ ఇన్‌స్టిట్యూట్. మా బంధువులమ్మాయి ఒకామె ఈ లైన్లో చదువుతూ దాని గురించి చెప్పింది, విన్నాక నేనూ చదివాను. 1924లో అక్కడ గ్రాహం అనే సర్జన్, కోల్ అనే కుర్ర డాక్టరు కలిసి పిత్తాశయం ఎక్స్‌రేలో కనపడేలా చేశారు, అంతకుముందు అది కనపడేది కాదు. ఒంట్లోకి ఒక మందు ఎక్కిస్తే అది పైత్యంతో కలిసి పిత్తాశయంలోకి చేరి ఫిల్మ్ మీద పడాలి. ఎన్ని జంతువుల మీద చేసినా పడలేదు, ఒక కుక్కలో మాత్రం చక్కగా పడింది. ఎందుకా అని ఆరా తీస్తే, కుక్కల్ని చూసుకునే మనిషి ఆ పూట ఆ కుక్కకి తిండి పెట్టలేదు. కడుపు ఖాళీగా ఉంటేనే పిత్తాశయం నిండుగా ఉంటుంది అన్నది అలా తేలింది. ఈ రోజుకీ మన అమలాపురంలో పిత్తాశయం స్కానింగుకి వెళ్ళినా ఏం తినకుండా రమ్మంటారు చూడండి, అదే సంగతి. ఆ మందు తయారు చేసిచ్చిన కెమికల్ కంపెనీ కుటుంబం తర్వాత డబ్బిచ్చింది, 1931లో ఇన్‌స్టిట్యూట్ కట్టారు. మొదటి డైరెక్టర్ షెర్వుడ్ మూర్ దగ్గర్నుంచి ఎవరి కాలంలో ఏం జరిగిందో అన్నీ రాసి పెట్టుకున్నారు, రొనాల్డ్ ఎవెన్స్ అనే ఆయన 1971 నుంచి 1999 దాకా హెడ్డుగా ఉన్నారు, ఆ 1970ల్లోనే ఒంట్లో అవయవాల పనితీరు చూపించే పెట్ స్కాన్ అక్కడ రూపం దిద్దుకుంది. ఇదంతా ఒక ఎత్తు, కుక్కకి తిండి పెట్టని మనిషి సంగతి కూడా పోకుండా దాచుకోవడం ఒక ఎత్తు. అది రాయకపోతే ఆ డిస్కవరీ ఎలా జరిగిందో సగమే తెలిసేది.

ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే మనిషి హెడ్డుగా ఉండాలని నేను అనను, మన పద్ధతులు వేరు. కానీ నేను చూసినంతలో ఇక్కడ ప్రొఫెసర్ పోస్టు వచ్చేసరికే రిటైర్మెంట్ దగ్గరపడుతుంది, లేదా ఏడాదికో ట్రాన్స్‌ఫర్, మధ్యలో ఇన్‌చార్జిలు. కొత్త హెచ్‌ఓడీ వచ్చి ఏ మిషను ఎప్పుడు కొన్నారు, ఏ ట్యూబు ఎందుకు పోయింది, ఏ రూలు ఎవరు ఎందుకు పెట్టారు అని తెలుసుకునేలోపే ఆయన వెళ్ళే టైం వస్తుంది. ఛార్జి అప్పగించేటప్పుడు స్టాకు రిజిస్టర్ మీద సంతకం పెడతారు, కుర్చీలూ బీరువాలూ లెక్క పెట్టుకుంటారు, చేసిన పని గురించి ఒక కాగితం ఇవ్వరు. మా సారు వెళ్ళిపోయాక కొన్నాళ్ళకి ఆ తలుపు మీద కాగితం రంగులేసేటప్పుడు చింపేశారు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు చెట్టు మీంచి పడ్డ మనిషిని మళ్ళీ చేతులేసి ఎత్తడం నేను నా కళ్ళతో చూశాను, అడ్డం పడి ఆపాను. కాగితం పోతే పోయేది చరిత్ర ఒక్కటే కాదండి, మనిషి మెడ కూడా.

ఇంకొకచోట, ఏ ఊరో అనవసరం, పాత ఎక్స్‌రే మిషను కండెమ్ చేసి పాత ఇనుము కింద వేలం వేసేశారు. దాంతోపాటే గదిలో ఉన్న రిజిస్టర్లు, మంచి మంచి కేసుల ఫిల్ములు ఏరి పీజీల కోసం దాచిన టీచింగ్ కలెక్షను, అన్నీ గోతాల్లోకి ఎక్కించి పంపేశారు. పాత ఫిల్ములో వెండి ఉంటుంది కాబట్టి కొనేవాళ్ళు ఎగబడి కొంటారు. ఎన్నేళ్ళ గుండెజబ్బులు, ఎన్నేళ్ళ క్షయ, మన ప్రాంతపు జబ్బుల చరిత్ర అంతా అందులో ఉంది. రూలు ప్రకారమే చేశామన్నారు, చేసే ఉంటారు, కానీ పంపేముందు ఒక్క ప్రొఫెసర్ చేత అయినా చూపించి వంద ఫిల్ములు పక్కన పెట్టించాల్సింది. అది తల్చుకుంటే ఇప్పటికీ నాకు కడుపు రగిలిపోతుంది.

అందుకని మీ పత్రిక ద్వారా విజయవాడలో ఉన్న హెల్త్ యూనివర్సిటీ వాళ్ళని, కాలేజీల ప్రిన్సిపాల్స్‌ని అడుగుతున్నాను. ప్రతి రేడియాలజీ డిపార్ట్‌మెంట్‌లోనూ పీజీలు మూడేళ్ళు ఉంటారు, థీసిస్ రాస్తారు, ఏడాదికి ఒక పీజీకి డిపార్ట్‌మెంట్ చరిత్ర పని అప్పగించండి. రిటైర్ అయిన ప్రొఫెసర్లు, టెక్నీషియన్లు, డార్క్‌రూమ్ వాళ్ళు, ఆయాలు, స్ట్రెచర్ తోసినవాళ్ళు, బతికున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చుని ఫోన్లో రికార్డు చేసుకోమనండి, ఖర్చేం లేదు కదా. మొదటి మిషను ఎప్పుడొచ్చింది అని అడగడం కంటే దాన్ని ఏ గదిలో పెట్టారు, ఆ గదే ఎందుకు, కరెంటు ఎక్కడ్నుంచి లాగారు, మొదటి రోజుల్లో కిరణాలు తగలకుండా వేసుకునే లెడ్ ఏప్రాన్లు ఎన్ని ఉండేవి, ఎవరికి చాలలేదు అని అడగమనండి, అప్పుడు వాళ్ళు నోరు విప్పుతారు. హెచ్‌ఓడీ ఛార్జి అప్పగించేటప్పుడు స్టాకు లిస్టుతో పాటు తాను పెట్టిన పద్ధతులు, మధ్యలో ఆగిపోయిన పనులు నాలుగు పేజీలు రాసి ఇవ్వడం తప్పనిసరి చేయండి. పాత ఫిల్ములు అమ్మేముందు టీచింగుకి పనికొచ్చేవి తీసి స్కాన్ చేయించి, పేషెంట్ల పేర్లు తీసేసి దాచండి. రాజమండ్రిలో, ఏలూరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు 2023లోనే మొదలయ్యాయి, వాళ్ళకి ఇదంతా చాలా తేలిక, మొదటి హెచ్‌ఓడీలు ఇంకా అందుబాటులోనే ఉంటారు, ఇప్పుడు ఒక నోటుబుక్కు తెరిస్తే చాలు.

2012 నుంచి నవంబర్ 8న ప్రపంచమంతా రేడియాలజీ దినం చేస్తున్నారు. మన దగ్గర కూడా బ్యానర్ కడతారు, కేకు కోస్తారు, ఒక గెస్ట్ లెక్చర్ పెడతారు. ఈసారి ఆ స్టేజీ మీదకి ఒక డార్క్‌రూమ్ పెద్దాయన్ని పిలవండి, ఆయన పక్కన ఒక మాజీ హెచ్‌ఓడీని కూర్చోబెట్టండి, పిల్లలు అడుగుతారు వాళ్ళు చెప్తారు. మీ జిల్లా పేజీ వాళ్ళు ఆ రోజుకి ఒక అరపేజీ ఇస్తే ఇంకా మంచిది.

నా దగ్గర నేను సర్వీసులో రాసుకున్న ఎక్స్‌పోజరు నోటుబుక్కులు ఉన్నాయి, ఏ మిషను మీద ఏ వయసు వాళ్ళకి ఎంత కేవీ ఎంత ఎంఏఎస్ (ఎక్స్‌రే మోతాదు సెట్టింగులు) పెట్టామో, సారు చెప్పిన మాటలు మార్జిన్లో ఎక్కడికక్కడ రాసి పెట్టుకున్నాను. జిరాక్సు తీసుకుంటామని ఏ కాలేజీ పీజీ వచ్చినా ఇస్తాను, కూర్చోబెట్టి చదివి అర్థం చెప్తాను కూడా, ఎందుకంటే నా చేతిరాత కొన్నిచోట్ల నేను చెప్తే గానీ తెలీదు. నాతో పని చేసినవాళ్ళు రామచంద్రపురం, మండపేట, తణుకు వైపు ఇంకా కొందరు ఉన్నారు, వాళ్ళ ఇళ్ళకి కూడా నేనే తీసుకెళ్తాను, పొద్దున పూట వస్తే మంచిది, మధ్యాహ్నం అయితే పెద్దవాళ్ళు పడుకుంటారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎక్స్‌రే టెక్నీషియన్,
రామచంద్రపురం.